కోటవురట్ల తాళంచెవి

కోటవురట్లలో బ్రాంచి తెరిచిననాడు జగదీశ్వరరావు చేతిలో ఉన్నవి మూడే. రోడ్డు మీదికి ఒక అద్దె షట్టరు, తన పేరు పెద్దక్షరాలతో రాయించిన బోర్డు, ఎల్లాజీ. మొదటి రెండూ డబ్బు పెడితే ఎవరికైనా దొరుకుతాయి. మూడోది దొరకదు. ఎల్లాజీ నర్సీపట్నంలో ఉన్న అసలు కొట్లో ఎరువు బస్తాలు దించే పనిలో చేరి, ఏ రైతు ఏ మడిలో ఏం వేశాడో, ఎవరి చెరకుకి ఏ తెగులు తగిలిందో మనసులోనే రాసి పెట్టుకునే మనిషి. ఊరు కోటవురట్ల పక్కనే. అలాంటివాణ్ణి అక్కడ కూర్చోబెట్టడం తన జీవితంలో చేసిన బేరాలన్నిటిలోకీ తెలివైనదని జగదీశ్వరరావు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

అన్నీ ఇచ్చాడు గానీ తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. అది వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతి. తాళం ఎక్కడ పడుకుంటే కొట్టు అక్కడిది. సాయంత్రం షట్టరు దించాక ఎల్లాజీ తాళంచెవిని గోవింద్ నడిపే సర్వీసు ఆటోలో నర్సీపట్నం పంపాలి. తెల్లారాక అదే ఆటోలో అది తిరిగి కోటవురట్ల వెళ్ళాలి. దారిలో టైరు పంక్చరైతే ఎరువు కోసం వచ్చిన రైతులు మూసిన షట్టరు ముందు గొంతుక్కూర్చుని బీడీలు కాల్చుకునేవారు.

"తాళం ఇంకా నిద్ర లెగలేదు మావా, బుగతగారింట్లో పడుకుంది కదా," అని ఎల్లాజీ వాళ్ళని నవ్వించేవాడు.

కొన్నేళ్ళకి నవ్వించడం మానేశాడు. ఆ సంగతి నర్సీపట్నంలో కూర్చున్నవాడికి తెలియలేదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆ వైపు రైతు వరి విత్తనం కొనేముందు బస్తా కుట్టు విప్పించి, గుప్పెడు గింజలు తీసి, తడిగుడ్డలో మూట కట్టి, మొలక చూసుకుని అప్పుడు కొంటాడు. నర్సీపట్నం కొట్లో అడిగిన వెంటనే విప్పేవారు. బ్రాంచిలో మాత్రం కుట్టు విప్పకూడదు. విప్పిన బస్తా అమ్ముడుపోకపోతే వెనక్కి ఎవడు తీసుకుంటాడని జగదీశ్వరరావు వాదన. అందుచేత కోటవురట్లలో మొలకకి బదులు ఎల్లాజీ మాట చెల్లేది. "నాది పూచీ, పట్టుకెల్లు," అనేవాడు. పట్టుకెళ్ళేవారు.

ఈ ఏడు తొలకరికి ముందు నర్సీపట్నం గొడౌన్లో నిరుడు మిగిలిన విత్తనాల బస్తాలు కొన్ని ఉత్తరపు గోడకి ఆనించి ఉన్నాయి. ఆ గోడ వెంట రేకుల్లోంచి వేసవి వాన నీళ్ళు కారాయి. జగదీశ్వరరావు చూశాడు. చెయ్యి పెట్టి చూశాడు కూడా. పై బస్తాలు పొడిగానే ఉన్నాయి, అడుగువాటిలో ముక్కవాసన. ఇక్కడ అమ్మితే రైతు విప్పుతాడు, వాసన పడతాడు, కొట్టు ముందు నిలబడి నాలుగు మాటలంటాడు. కోటవురట్లలో విప్పరు. ఇంత ఆలోచనా అతను మాటల్లో పెట్టుకుని చెయ్యలేదు. "అవి కోటవురట్ల లోడులో వేసీండి," అని హమాలీలకి చెయ్యి చూపించాడు, అంతే. చూపించాక మళ్ళీ ఆ గోడ వైపు తల తిప్పలేదు. తరవాత అతన్ని కొరుక్కుతిన్నది ఆ తల తిప్పకపోవడమే.

లోడు దిగిన రోజునే ఎల్లాజీ ఫోను చేశాడు.

"బాబుగారూ, ఒక్క బస్తా ఇప్పి సూస్తాను. వాసనేదో తేడాగా ఉందండి."

"నీ ముక్కుకి యూరియా పట్టేసిందిరా. కుట్టు ముట్టుకోకు."

"కొండలమ్మప్ప మొలక సూడకుండా కొననంటందండి."

"నీ పూచీ లేదేటి? దేనికి కూర్చోబెట్టాను నిన్నక్కడ?"

"అలాగేనండి," అన్నాడు ఎల్లాజీ.

నారుమళ్ళు పోసిన వారం దాటాక మళ్ళీ ఫోను వచ్చింది. "బాబుగారూ, నారు లెగలేదు. మడంతా పలచగా, బట్టతల నాగుంది. జనం షట్టరు ముందు కూసున్నారు. మీరొకసారి రండి."

జగదీశ్వరరావుకి ఉత్తరపు గోడ గుర్తొచ్చింది. నోరు మాత్రం ఎప్పటిలాగే పలికింది. "నీళ్ళు ఎక్కువ పెట్టుంటారు. రైతుకి తప్పు ఎప్పుడూ విత్తనం మీదే. నాలుగు రోజులు చూడమను." ఫోను పెట్టేశాడు. వెళ్ళలేదు. మర్నాడు వెళ్దామనుకున్నాడు, మర్నాడు మాకవరపాలెంలో వసూళ్ళు గుర్తొచ్చాయి. పని ఉన్నవాడికి ఎప్పుడూ పని దొరుకుతుంది, తప్పించుకునేవాడికి ఇంకా ఎక్కువ దొరుకుతుంది.

ఆ రోజుల్లో అతని కూతురు పావని గ్రూప్స్ పరీక్షకి చదువుతోంది. ఇంట్లో టీవీ గోల అని కొట్టు వెనక గదిలో కూర్చుని పైకి చదివేది.

"వలస దేశాలు పాలక దేశం నుంచి విడిపోవడానికి ముఖ్య కారణాలు. దూరం. తమ సంగతులు తెలియనివాళ్ళు తమ గురించి నిర్ణయాలు చెయ్యడం. పాలక దేశం సరుకే కొనాలనే నిబంధన. తమ మాట వినే చోటు లేకపోవడం."

"మరి వాళ్ళకి రోడ్లేసిందెవరు? తిండి పెట్టిందెవరు?" అన్నాడు జగదీశ్వరరావు గల్లాపెట్టె దగ్గరనుంచి, అవసరం లేనంత గట్టిగా.

"నాన్నా, ఆ ఆప్షన్ ఇందులో లేదు."

"ఇంకేటున్నాయి?"

"పైవన్నీ."

అతను లేచి బయటికొచ్చి, అవసరం లేకపోయినా సోడా తాగాడు.

నాలుగు రోజులు చూడమన్నవాడికి ఏ ఫోనూ రాలేదు. జనం గొడవ చెయ్యలేదు. ఎవరూ కొట్టు మీదికి రాలేదు. గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటుండగా ఒక ఉదయం కొండలమ్మ గోవింద్ ఆటో దిగింది. ఎండకి నల్లబడ్డ, గొంతు గట్టి మనిషి. మొగుడు పోయాక ఎకరం పొలం తనే చేసుకుంటోంది. నెత్తి మీద పెద్ద పనసపండు. దాన్ని అరుగు మీద దింపి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"బాబూ, నీ కడుపు సల్లగుండ. ఎల్లాజీ సెప్పాడు. 'సావుకారు గారికి తెలిసి, బేగి ఏరే ఇత్తనాలు పంపారు, ఊరికినే ఇచ్చీమన్నారు' అని. ఇంటింటికీ తెచ్చి పోసాడు. అయి లెగిసాయి బాబూ, దర్జాగా లెగిసాయి. మా దొడ్డి కాయ ఇది. మొదటి కాపు దేవుడికి పెట్టాం, రెండోది నీకు."

జగదీశ్వరరావు నోరు తెరిచాడు. తను పంపిన విత్తనాలేవీ లేవు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. అప్పటికే కొట్లో నలుగురు రైతులు వింటున్నారు. "అయ్యగారంటే అలాగుండాలి," అన్నాడొకడు. వచ్చిన మాట వెనక్కెళ్ళిపోయింది.

"ఎందుకు కొండలమ్మా ఇంత బరువు మోసుకొచ్చావు," అన్నాడు తేలు కుట్టిన దొంగలా.

ఇంట్లో భార్య వెంకటదుర్గ పండు కోసి వీధంతా పంచింది. "కోటవురట్ల రైతులు మావారికిచ్చారు," అని ప్రతి గుమ్మంలోనూ చెప్పింది. అతనికీ తొనలు పెట్టింది. తేనెలా ఉన్నాయి. వద్దనలేక అన్నీ తిన్నాడు.

విత్తనాలు ఎక్కడివో కనుక్కోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఎల్లాజీకి సొంత మడి ఉంది. పెళ్ళాం లోవమ్మ ఏటా మంచి గింజలు ఏరి, ఎండబెట్టి, గడ్డితాడు చుట్టిన పురిలో విత్తనానికి దాస్తుందని ఎల్లాజీయే ఎన్నోసార్లు గొప్పగా చెప్పాడు.

వారం తిరక్కుండా ఎల్లాజీ నర్సీపట్నం వచ్చాడు. ఎప్పుడూ కూర్చునే స్టూలు మీద కూర్చోలేదు.

"బాబుగారూ, నాను సొంతంగా ఎట్టుకుందారనుకుంటన్నాను. సిన్న కొట్టు. బ్రాంచికి ఎదురు సందులో."

జగదీశ్వరరావుకి ముందు కోపం వచ్చింది. తప్పు చేసినవాడికి కోపం బేగి వస్తుంది. "అన్నం పెట్టిన చెయ్యిరా ఇది! బస్తాలు మోసేవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాను. ఏం తక్కువ చేశాను నీకు?"

"ఏటీ తక్కువ సెయ్లేదండి. మా అమ్మ ఆపరేషనుకి మీరే కార్లో ఇశాపట్నం తీసుకెల్లారు. అది మర్సిపోను."

"మరేటి నీ బాధ?"

"తాళం."

"తాళం ఏటి?"

"పదేళ్ళనుంచి కొట్టు ముందు నిలబడి, నా కొట్టు ఎప్పుడు తెరుస్తారా అని మీ ఆటో కోసం సూస్తన్నానండి. నా ఊరోళ్ళ ముందు. మొలక సూడనియ్యమంటే వద్దన్నారు. రమ్మంటే రాలేదు. మాట నాది, బోర్డు మీది."

"ఆ విత్తనాలు నా పేరు మీద ఎందుకిచ్చావురా? నీ పేరు చెప్పుకోలేకపోయావా?"

ఎల్లాజీ మొదటిసారి అతని ముఖంలోకి సూటిగా చూశాడు. "మీ బోర్డు కింద అమ్మిన సరుకండి. బోర్డు కిందే సర్దాలి. నా పేరుతో ఇస్తే మీ పేరు పోద్ది. అప్పుడు ఆ కుర్సీలో కూసున్న నా మాటేటవుద్ది? ఇప్పుడు సర్దీసాను. ఎల్తాను."

"నా పేరు చూసి వచ్చే జనం నీ సందులోకి ఎందుకొస్తార్రా?"

"రాపోతే రాపోతారు," అని దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం తాళంచెవి ఎప్పటిలాగే వేళకి వచ్చింది. తెల్లారి గోవింద్ ఆటో ఆపి, తాళంచెవి కోసం ఎప్పటిలాగే చెయ్యి చాపాడు. అక్కడ ఇంక ఎల్లాజీ ఉండడని గుర్తొచ్చి, ఆ చెయ్యి తనే వెనక్కి తీసుకున్నాడు.

"ఎవులికియ్యమంటారండి?"

ఇవ్వడానికి మనిషి లేడు. జగదీశ్వరరావు తాళంచెవి జేబులో వేసుకుని, అదే ఆటో ఎక్కాడు. దారిలో ఆటో రెండు చోట్ల ఆగింది. షట్టరు ముందు దిగేసరికి రైతులు గొంతుక్కూర్చుని ఉన్నారు. ఆలస్యమైందని ఒక్కడూ అనలేదు. అలవాటైపోయినవాళ్ళు అనరు. బ్రాంచి పెట్టాక ఆ కుర్చీలో పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా కూర్చోవడం అతనికి అదే మొదలు. ఎవరి మడి ఎక్కడో తెలియదు. ఎవరేం అడుగుతున్నారో రెండుసార్లు చెప్పించుకోవలసి వచ్చింది.

అయినా వ్యాపారం పడిపోలేదు. అదే అసలు చిక్కు. నాట్లు అయ్యాయి, యూరియాకి జనం ఎగబడ్డారు, అందరూ అతని కొట్టుకే వచ్చారు. "ఇత్తనాలు ఊరికినే ఇచ్చిన సావుకారు," అంటూ వచ్చారు. ఎదురు సందులో ఎల్లాజీ బోర్డు లేని కొట్లో ఒక్కడూ కూర్చుని కనపడేవాడు. అతను చేసిన మంచి అతని కొట్టుకే అడ్డుగోడై నిలబడింది. ఆ గోడ ఇవతల నీడలో జగదీశ్వరరావు కూర్చున్నాడు. నోరు మూసుకుంటే చాలు, ఒక సీజనులో ఆ సందు ఖాళీ అయిపోతుంది. ఎల్లాజీ మళ్ళీ వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. బేరం చేసేవాడి బుర్ర ఆ లెక్క వద్దన్నా వేసి పెట్టింది. లెక్కలో తప్పు లేదు. అందుకే భయం వేసింది.

కొండలమ్మ వచ్చింది. యూరియా బస్తాకి డబ్బు లెక్కపెడుతూ, సందు వైపు చూసి ఉమ్మేసింది.

"సూసావా బాబూ ఆడి ఇస్వాసం? నీ ఉప్పు తిని నీకెదురుగా ఎట్టాడు. ఆడి కొట్టు తొక్కొద్దని మా ఈదంతా సెప్పీసాను. అసలాడికి ఒల్లు ఒంగదు. ఈ ఏడు ఆడి మడి సూడు, బీడుగా ఒగ్గీసాడు. నాట్లకి బద్దకించాడని ఊరంతా నవ్వింది."

జగదీశ్వరరావు బస్తా మీద వేసిన చెయ్యి తియ్యలేదు.

"కొండలమ్మా."

"ఏటి బాబూ?"

"ఆ విత్తనాలు నేను పంపలేదు."

ఆమె డబ్బు లెక్కపెట్టడం ఆపింది. "ఏ ఇత్తనాలు?"

"మొలిచినవి. అవి ఎల్లాజీవి. వాళ్ళ పురిలోవి. అందుకే వాడి మడి బీడు."

కొట్లో ఉన్నవాళ్ళు దగ్గరికొచ్చారు. కొండలమ్మ కాసేపు అతన్నీ, సందునీ మార్చి మార్చి చూసింది.

"మరి మొలవనియ్యి?"

"అవి నావి."

"తెలిసే పంపావా?"

ఇక్కడ ఒక దారి ఉంది. గొడౌను మీదికో హమాలీల మీదికో తోసెయ్యొచ్చు. జీవితమంతా అలాంటి దారులు పెట్టుకునే వ్యాపారం చేశాడు. "వాసన వచ్చింది. తెలుసు," అన్నాడు.

ఆమె తిట్టలేదు. తిడుతుందని ఎదురుచూశాడు, తిడితే కొంత తీరిపోయేది. లెక్కపెట్టిన డబ్బు మళ్ళీ రొంటిన దోపుకుంది.

"అయితే నా పనసపండు నాకిచ్చీ."

"తినేశాం కొండలమ్మా."

"అంతా?"

"అంతా."

"పిక్కలైనా ఉన్నాయేటి?"

వెంకటదుర్గ కూరకని మట్టిలో కలిపి దాచిన సంగతి గుర్తొచ్చింది. "ఉంటాయి."

"ఆడికి పంపీ," అని రోడ్డు దాటి సందులోకి వెళ్ళింది. వెనకాలే ఇద్దరు, తరవాత నలుగురు. కొట్లో ఇంకా ఇద్దరు మిగిలారు. వాళ్ళు ఆ ఊరివాళ్ళు కాదు.

ఇల్లు చేరేసరికి వంటింట్లో పోపు వాసన. పనసపిక్కలు, వంకాయ కలిపి కూర చేసింది వెంకటదుర్గ. మట్టికుండ బోర్లించి చూస్తే అడుగున ఇంకో గుప్పెడున్నాయి. వాటిని కడిగి, కాగితంలో పొట్లం కట్టాడు.

"ఎవరికండీ అవి? ఇంకో పూట కూరకొస్తాయి," అంది వెంకటదుర్గ.

"మనవి కావు," అన్నాడు.

తెల్లారి గోవింద్ ఆటో ఆపాడు. పొట్లం అందుకుని, బరువు చూసి, "ఇదేటండి? తాళమేది?" అన్నాడు.

"అద్దెకిచ్చినవాళ్ళకి షట్టరు అప్పజెప్పేస్తున్నాను. తాళం ఇంక రాదు. ఇది ఎల్లాజీకివ్వు. ఎవరిచ్చారంటే కొండలమ్మ ఇచ్చిందని చెప్పు."

ఆటో వెళ్ళిపోయింది. పదేళ్ళ కోటవురట్ల బేరంలో చివరికి మిగిలిందేమిటని గల్లాపెట్టె దగ్గర కూర్చుని లెక్క వేసుకున్నాడు. పోయినవి వేలు మడిచేలోపే గుర్తొచ్చాయి: ఒక మనిషి, ఒక ఊరు, ఒక పేరు. వచ్చినదాని దగ్గర వేలు చాలాసేపు ఆగింది. ఒక పనసపండు వచ్చింది. అది తనది కాదు, తినేశాడు, గుప్పెడు పిక్కలు మాత్రం తిరిగిచ్చాడు.