లావుగా తరిగిన బెండకాయలు

ఆ గురువారం పొద్దున బెండకాయలు లావుగా తరిగాను. కావాలనే. మా అత్తగారికి మతి బాగున్న రోజుల్లో అయితే నా పని అయిపోయేది. "ఇవి ముక్కలా, దుంగలా?" అని ఒకటి తీసి కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసేవారు. ఇరవై ఆరేళ్లు నా చేతి ముక్క ఆవిడకు నచ్చలేదు. అల్జైమర్స్ వచ్చాక నేను కోడలినన్న సంగతే మర్చిపోయారు. ఇలాంటి జబ్బున్న వాళ్ల చేత బొమ్మలు వేయించే క్లాసుకి వారం వారం ఆవిడను తీసుకెళ్తాను. అక్కడ నేను వాలంటీర్ని, ఆవిడ దృష్టిలో టీచరమ్మని. నిజం చెప్పొద్దూ, ఈ ప్రమోషన్ నాకు భలేగా ఉంది. పైగా రంగులో ముంచి కాగితం మీద అద్దాలంటే ముక్క లావుగానే ఉండాలి మరి.

క్లాసు నడిపే డ్రాయింగు మాస్టారు వేరే ఊరికి మకాం మారుస్తున్నారు. కిందటి వారం, "మీరు నడిపితే ఉంటుంది, లేదంటే మూతే. వచ్చే గురువారం చెప్పండమ్మా" అన్నారు. మా ఆయనకు చెప్పాను. "జీతమా భత్యమా? ఇంట్లో అమ్మను చూసుకుంటే చాలదా? నీకు మొహమాటం, నేనే వచ్చి కుదరదని చెప్తాలే" అన్నాడు. జీతమట. ఇన్నేళ్లు వండి వార్చినప్పుడు ఈ లెక్క ఈయనకు తట్టలేదేం? ఒళ్లు మండింది గానీ, ఎప్పటిలాగే నోరు మూసుకుని సంచీ సర్దుకున్నాను.

మా క్లాసులో ఒకటే రూలు. 'తప్పు' అనకూడదు. అన్నవాళ్లు ఆ రోజు రంగు గిన్నెలన్నీ కడగాలి. మొదటి నెలంతా నేనే కడిగాను. ఇంట్లో విని విని ఆ మాట నా నాలుక మీదే ఉండేది.

అత్తగారు నీలం రంగు ఆకాశం నిండా బెండకాయ ముక్కలతో పూలు అద్దారు. పక్క కుర్చీలోని పాత బస్సు కండక్టరు తొంగి చూసి, "వీటన్నిటికీ టికెట్లు తీశారా?" అని అడిగాడు. అందరం నవ్వుతుండగా మా ఆయన వచ్చాడు.

"అదేంటమ్మా, తప్పు. పూలు కింద కదా ఉండాలి."

కండక్టరు చెయ్యెత్తి సింకు వైపు చూపించాడు. మాస్టారు తన ఏప్రన్ విప్పి, "రూలు రూలే బాబూ" అని చేతిలో పెట్టారు.

మా ఆయన నావైపు చూశాడు. ఇంట్లో ఆ చూపుకి అర్థం, నువ్వు కానియ్యి అని. అలవాటు కొద్దీ నా కాళ్లు లేవబోయాయి కూడా. కుర్చీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

పాపం, మోచేతుల దాకా నురగ చేసుకున్నాడు. అత్తగారు కాసేపు చూసి, "టీచరమ్మా, ఎవరబ్బాయి అతను?" అన్నారు. ఆయన చేతులు ఆగిపోయాయి. నాకు నిజంగానే జాలేసింది.

"మనవాడేనండీ. కొత్తగా చేరాడు."

"గిన్నెల అడుగు సరిగ్గా రుద్దట్లేదు. అయినా ఏమీ అనకు. చేతకాదని పదిమందిలో అంటే ఎంత బాధో. నిదానంగా నేర్చుకుంటాడు."

ఈ మాట కోసం ఇరవై ఆరేళ్లు ఆ వంటింట్లో ఎదురుచూశాను. ఇప్పుడొచ్చింది, అదీ కొడుకు కోసం. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చివరికి నవ్వే గెలిచింది.

"ఏం అనుకున్నారమ్మా?" అని మాస్టారు అడిగారు.

"నేనే నడుపుతానండీ" అన్నాను. సింకు దాకా వినపడేలా ఇంకో మాట కూడా చెప్పాను.

"గిన్నెలు కడగడానికి మనిషి కూడా దొరికాడు."