రిబ్బను కట్టిన వెల్డింగు మిషను

మా బావగారు అధ్యక్షులయ్యాక మా వృత్తి శిక్షణ బడికి కొత్తగా ఏమొచ్చిందంటే, ముందు ఆయన ఫొటో వచ్చింది, తర్వాత ఆ ఫొటోకి అద్దం వచ్చింది. దాన్ని తగిలించడానికి మేకు కొట్టాలంటే సుత్తి మాత్రం పక్కింటి నుంచి అరువు తెచ్చాం.

బావగారంటే మా ఆయన అన్నగారు. అన్నగారు మాట్లాడుతున్నంతసేపూ మా ఆయన తల ఊపుతూనే ఉంటాడు. ఆ ఊపుడికి ఎవరైనా జీతం ఇచ్చి ఉంటే ఈపాటికి మేడ కట్టేవాళ్ళం. నేను ఆ బడిలోనే కుట్టుపని నేర్పుతాను. కాబట్టి బావగారి ఉపన్యాసం ఇంట్లో ఒక వాయి, బడిలో ఒక వాయి వినే భాగ్యం ఈ కుటుంబంలో నాకొక్కదానికే దక్కింది.

బడంటే పెద్దగా ఊహించుకోకండి. ఊరి చివర మా ఇంటికి ఎదురుగా ఒక పొడవాటి రేకుల షెడ్డు. ఒక కొసన వడ్రంగం, మధ్యలో కుట్టు, ఇంకో కొసన వెల్డింగు. వడ్రంగం వాళ్ళ రంపానికి పళ్ళు రాలిపోయాయి. నా కుట్టు మిషన్లలో ఒకటి దారం తెంపుతుంది, ఇంకోటి బట్టను నమిలేస్తుంది. వెల్డింగు మిషనైతే కిందటేడే లోపలి రాగి తీగ చుట్టలు కాలిపోయి చచ్చింది. అప్పటి నుంచి అక్కడ పిల్లలు సుద్దముక్కతో వెల్డింగు నేర్చుకుంటున్నారు. ఎగతాళికి అనడం లేదు. పట్నం నుంచి అప్పుడప్పుడు వచ్చే మాస్టారు ఇనుప రేకు మీద సుద్దతో గీత గీయించి, "ఇక్కడ చెయ్యి వణికింది, అతుకు ఊడిపోయింది" అని చెప్పి బస్సెక్కి వెళ్ళిపోతాడు.

ఆ సుద్దముక్కల బ్యాచిలోనే మా పిల్ల ఉంది. చనిపోయిన మా అక్క కూతురు. నా దగ్గరే పెరిగింది. కుట్టు నేర్పుదామని చూశాను గానీ, అది కుట్టిన జాకెట్టు తొడుక్కోవాలంటే మనిషికి మూడో చెయ్యి ఉండాలి. ఇనుము దగ్గర మాత్రం దాని చెయ్యి తిరుగుతుంది. ఆదివారాలు రోడ్డు మీది గేట్ల కొట్టుకు వెళ్ళి, అక్కడ ఊడ్చి, తుడిచి, వాళ్ళు దయతలిచి ఇచ్చిన రాడ్డు ముక్కలతో అతుకులు వేసుకుంటూ నేర్చుకుంది. సర్టిఫికెట్టు తెస్తే పనిలోకి తీసుకుంటామని పట్నంలో బస్సు బాడీలు కట్టే షెడ్డువాళ్ళు మాటిచ్చారు కూడా. సర్టిఫికెట్టు కావాలంటే పరీక్ష పెట్టే ఆయన మా బడికొచ్చి, మా బడి మిషను మీదే దీని చేత అతుకు వేయించి చూడాలి. నడిచే మిషను లేకపోతే పరీక్ష లేదు. పైగా వెల్డింగు విభాగం ఎత్తేస్తారట. రెండేళ్ళ కష్టం సుద్దపొడి అయిపోతుంది.

అందుకని ఏడాది పొడుగునా పరికరాల కోసం నిధుల సేకరణ జరిగింది. కమిటీ మొదటి సమావేశంలోనే పెద్ద గొడవ. దేని మీదనుకుంటున్నారు? దాతల పేర్లు చెక్కే రాయి గుమ్మానికి కుడివైపు పెట్టాలా, ఎడమవైపు పెట్టాలా అని! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ తర్వాత దాతల్ని పిలిచి విందు చేశారు. బంగారు అక్షరాల ఆహ్వానాలు, పూలదండలు, మైకు సెట్టు. వచ్చిన విరాళాలు ఆ విందుకే సరిపోయాయి. చివరికి మాకు మిగిలింది అంట్ల గిన్నెలు. వాటిని తోమింది నేనూ, మా పిల్లా.

ఆ మీదట కరపత్రం వేద్దామన్నారు. దాని మీదికి మా పిల్ల ఫొటో కావాలన్నారు. జుట్టు దువ్వుకోవద్దని, పాత బట్టలు వేసుకోమని చెప్పి, బావగారు కెమెరా పక్కన నిలబడ్డారు.

"కాస్త ఆకలిగా చూడమ్మా."

"ఇప్పుడే తిన్నాను పెదనాన్నా," అంది అది.

ఆ కరపత్రం ఎక్కడ తిరిగిందో ఏమో, నగరంలోని ఒక పెద్ద సేవా సంస్థ కంట్లో పడింది. పరికరాలు తామిస్తామని కబురు పెట్టారు. ఇక బావగారు నేల మీద నిలిస్తే ఒట్టు. పరీక్ష సోమవారమనగా శుక్రవారం పొద్దున వ్యాను వచ్చింది. దాంట్లోంచి సంస్థ తరఫు మనిషి దిగాడు. ఎండ నెత్తి పగలగొడుతున్నా మెడలో టై ముడి సడలలేదు. దిగిన నిమిషానికే మా బడి పిల్లలు ఆయనకు టై బాబు అని పేరు పెట్టేశారు.

షెడ్డు ముందు బల్లలు వేసి సామాను పరిచారు. అబద్ధం చెప్పకూడదు, కళ్ళు చెదిరాయి. తళతళలాడే రంపాలు, చిత్రికలు, సుత్తులు, నా కోసం ఒక కొత్త కుట్టు మిషను. అన్నిటికీ మించి, చక్రాల ఇనుప చట్రంలో బిగించిన పెద్ద వెల్డింగు మిషను. దేనికి దానికి ఎర్ర రిబ్బను. మా పిల్ల ఆ మిషను చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎవరూ చూడటం లేదనుకుని దాని వీపు మీద చెయ్యి వేసింది. నేను చూశాను.

టై బాబు దాని తలకు హెల్మెట్టు పెట్టించి, చేతికి రాడ్డు పట్టే హోల్డరు ఇచ్చి, ఫొటోల మీద ఫొటోలు తీయించాడు.

"ఒక్క రాడ్డు అంటించి చూడనా సార్?" అని అడిగింది.

ఆయన తేలు కుట్టినట్టు ఎగిరాడు. "వద్దొద్దు! మసి అంటుకుంటుంది!"

ప్రారంభోత్సవం సంబరం కాబోలు, తర్వాత అంటిస్తుందిలే అనుకున్నాను. టై బాబు మైకు పట్టుకుని "ఈరోజు నుంచి ఇవన్నీ మీవి" అన్నాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. బావగారు కళ్ళు తుడుచుకున్నారు. అక్కడ నుంచి అందరూ మా ఇంటికి భోజనానికి వచ్చారు. వడ్డన నాది, మంచినీళ్ళు మా పిల్లవి.

టై బాబు నోటి నిండా అన్నం పెట్టుకుని గొప్పలు మొదలెట్టాడు. "ఈ సామాను ఎన్ని బళ్ళు తిరిగిందో తెలుసా అండీ? ఒక్కదాని మీద గీత పడనివ్వలేదు!"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. "తిరగడమేంటండీ? మాకిచ్చేశారు కదా?"

"ఇచ్చాం కదమ్మా, ఫొటో తీశాం. ఆ ఫొటో మా పెద్దలకు చూపిస్తాం. వాళ్ళు చూసి నిధులిస్తారు. నిధులొచ్చాక మీ పరికరాలు మీకొస్తాయి. ముందు ఫొటో, తర్వాత నిధులు, ఆ తర్వాత సామాను. దేనికైనా ఒక పద్ధతుండాలి కదా!"

"మరి ముందు తిరిగిన బళ్ళకు వచ్చేశాయా?"

"ప్రాసెస్‌లో ఉన్నాయమ్మా. ఆ కూర కొంచెం వెయ్యండి, బ్రహ్మాండంగా ఉంది. తినేసి సామాను వ్యాన్లోకి ఎక్కించుకోవాలి, సాయంత్రం ఇంకో బడి ఉంది."

నేను బావగారి వంక చూశాను. ఆయన కంచంలో ఏదో పారేసుకున్నట్టు తల వంచుకుని వెతుక్కుంటున్నారు. ఆయనకు ముందే తెలుసు! తెలిసే కళ్ళు తుడుచుకున్నారు. ఆ గరిటె ఇద్దరిలో ఎవరి నెత్తిన వెయ్యాలో తేలక మళ్ళీ గిన్నెలో పెట్టేశాను.

వంటింట్లోకి వెళ్తే మా పిల్ల నీళ్ళ జగ్గు పట్టుకుని గోడకానుకుని నిలబడి ఉంది. అంతా వింది.

"పిన్నీ, సోమవారం..."

"నాకు తెలుసే. ఏడవకు. మిషను ఇంకా షెడ్డు దగ్గరే ఉంది. వీళ్ళు లేచేలోపు వెళ్ళి ఉన్న రాడ్లు కాల్చుకో. కనీసం నీ చేతికి దాని రుచి తెలుస్తుంది."

"మసి అంటుకుంటే?"

"అంటుకోనీ. వీళ్ళను నేను లేవనివ్వను, పో."

అది జగ్గు నా చేతిలో పెట్టి పెరటి తలుపులోంచి మాయమైంది. నేను బయటికొచ్చి వడ్డించడం మొదలుపెట్టాను. మొహమాటపడకండి అన్నాను. మీలాంటివాళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తారా అన్నాను. చాలు చాలని చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి సందులోంచి వేశాను. రెండో విడత, మూడో విడత, పైన మిఠాయి. నా జన్మలో అంత కసిగా ఎవరికీ అన్నం పెట్టలేదు. మధ్యలో షెడ్డు వైపు నుంచి చిటపటమని చప్పుడు, కిటికీలో నీలం వెలుగు.

"ఏమిటది?" అన్నాడు టై బాబు.

"రోడ్డు మీది గేట్ల కొట్టండీ. ఎప్పుడూ అదే గోల. అవునా, కాదా?" అని మా ఆయన వైపు తిరిగాను.

మా ఆయన తల ఊపాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆ ఊపుడు నాకు ఉపయోగపడింది.

ఎంత తొక్కిపెట్టినా చివరికి లేవక తప్పదు కదా. టై బాబు పొట్ట పట్టుకుని, త్రేనుస్తూ షెడ్డు దాకా నడిచాడు. వెనకాల బావగారు, మా ఆయన, నేను. మాకంటే కాస్త ముందు తిని లేచిన వ్యాను డ్రైవరు అప్పటికే బల్లల మీది సామాను వ్యాన్లోకి సర్దేశాడు. వెల్డింగు మిషను చట్రం పట్టుకుని లాగాడు. కదల్లేదు. కాలు తన్నిపెట్టి లాగాడు. షెడ్డు రేకులు గలగలమన్నాయి గానీ మిషను కదల్లేదు.

అందరం వంగి చూశాం. మిషను బిగించిన ఇనుప చట్రం షెడ్డు ఇనుప స్తంభానికి అతుక్కుపోయి ఉంది. పై నుంచి కింది దాకా అతుకు. చేతికి రుచి తెలుసుకో అని నేనంటే, అది విందు భోజనమే చేసింది. ప్రమాణం చేసి చెబుతున్నాను, ఈ ఆలోచన నాకు తట్టలేదు.

"ఎవరిదీ పని?" టై బాబు గొంతు పీలగా వచ్చింది.

మా పిల్ల హెల్మెట్టు పైకెత్తింది. మొహమంతా చెమట. "నేనే సార్. ఈరోజు నుంచి మావే అన్నారు కదా. చక్రాలున్నాయి, దొర్లిపోతుందేమోనని కట్టేసుకున్నా."

"కోసెయ్! ఇప్పుడే కోసెయ్ దాన్ని!"

"కోసే మిషను మా దగ్గర లేదు సార్. ఉంటే మిమ్మల్నెందుకు పిలుస్తాం?"

చుట్టూ చేరిన పిల్లలు నవ్వారు. ఆ నవ్వు బావగారికే తగిలింది. అతిథి ముందు పరువు పోతోందన్న బాధ తప్ప ఆయనకు ఇంకే బాధా లేదు. వ్యాన్లోంచి ఒక కొత్త సుత్తి లాక్కొచ్చారు. దాని పిడికి ఎర్ర రిబ్బను ఇంకా అలాగే ఉంది.

"నేను ఊడగొడతానండీ, మీరు కంగారుపడకండి," అంటూ ఆ అతుకు మీద బాదడం మొదలుపెట్టారు.

ఎన్ని సుద్దగీతలు గీసినా, ఎన్ని ఆదివారాలు గేట్ల కొట్టు ఊడ్చినా, ఇంత పెద్ద మిషను మీద అది చెయ్యి పెట్టడం ఇదే మొదలు. ఒక్క పగులు వస్తే చాలు, మిషనూ పోతుంది, దాని ధైర్యమూ పోతుంది. బావగారు ఒక దెబ్బ వేశారు. నల్లటి పెచ్చు రాలింది. ఇంకో దెబ్బ. ఇంకో పెచ్చు. మా పిల్ల రెప్ప వెయ్యకుండా చూస్తోంది. వెల్డింగు చేశాక పైన కట్టిన ఆ పెచ్చును ఎలాగూ సుత్తితో కొట్టి రాల్చాలి. ఆ చాకిరీ మా బావగారు అతిథి సేవ అనుకుంటూ దానికి చేసిపెట్టారు. పెచ్చు పోయిన చోట అతుకు బయటపడింది. చీర అంచు కుట్టినట్టు వరసగా, సన్నటి అలలు అలలుగా మెరిసింది. ఎక్కడా వెంట్రుకంత సందు లేదు.

బావగారు పళ్ళు బిగించి చివరి దెబ్బ వేశారు. సుత్తి తల ఊడి ఎగిరి వెళ్ళి టై బాబు బూటు పక్కన పడింది. ఎన్ని బళ్ళు తిరిగినా గీత పడని సుత్తి మరి, మొదటిసారి పని చెప్పేసరికి దాని బండారం బయటపడింది. బావగారు రిబ్బను కట్టిన పిడి పట్టుకుని నిలబడిపోయారు.

నాకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. ఆ పిల్ల నా అక్క కూతురని ఊరందరికీ అరిచి చెప్పాలనిపించింది.

"మీ బడి పేరు లిస్టులోంచి తీసేస్తాం!" అని టై బాబు వ్యానెక్కాడు.

"ఏ లిస్టండీ, ఫొటోల లిస్టేనా?" అన్నాను.

మిగతా సామానంతా తీసుకుపోయాడు. రంపాలు, చిత్రికలు, తల ఊడిన సుత్తి, అన్నీ. నా కొత్త కుట్టు మిషను కూడా పోయింది. వడ్డనలో పడి దాని మాటే మరిచిపోయాను. ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. బట్ట నమిలే మిషను మీదే నేర్పుతున్నాను.

బావగారు ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. నాకు ప్రాణం హాయిగా ఉంది.

సోమవారం పరీక్ష పెట్టే ఆయన వచ్చాడు. మిషను స్విచ్చి వేసి చూశాడు, బాగా నడుస్తోందన్నాడు. తర్వాత చట్రం దగ్గర వంగి, స్తంభాన్ని పట్టుకున్న ఆ అతుకు మీద బొటనవేలితో పై నుంచి కింది దాకా రాసి చూశాడు.

"అతుకు బాగుంది. కానీ మిషన్ని ఇలా స్తంభానికి అతికించారేంటండీ?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే బావగారు కండువా సర్దుకుని ముందుకొచ్చారు. అధ్యక్షుల వారు కదా, జవాబు ఆయనే చెప్పాలి.

"దొంగల భయమండీ," అన్నారు. "దాతలు ప్రేమగా ఇచ్చింది, పోకుండా నేనే దగ్గరుండి వేయించాను."

మా ఆయన తల ఊపాడు. మా పిల్ల నా వైపు ఒక్క చూపు చూసి, హెల్మెట్టు దించుకుని, పరీక్ష మొదలుపెట్టింది.