పోత్తన్ తలుపు తట్టే అలవాటు

పాలా ఊరి దగ్గర మా రబ్బరు తోటల్లో తెల్లారిందంటే పోత్తన్ ఇంట్లో రోలర్ చప్పుడు వినిపించాల్సిందే. అతను రబ్బరు షీట్లు వత్తి పొగగదిలో ఆరేస్తాడు. పెళ్ళాం ఏలిక్కుట్టి వంటింటి బల్ల దగ్గర కూర్చుని వారపత్రికకి సీరియల్ రాస్తుంది. ఆవిడ రాసే పాత్రలు ప్రతి మంగళవారం వెనక వరండాలో కూర్చుని కర్రపెండలం, చేపల పులుసు తిని వెళ్తారు.

ఆ పాత్రలకి కావలసిన గుణాలు ఆవిడ ఊళ్ళోవాళ్ళ దగ్గర్నుంచే తీసుకునేది. తీసుకున్నాక అవి ఇక మాకుండవు, అంతే. తన కుంటినడక పోయినందుకు వేలు అనే మంగలి అరటిగెల తెచ్చిచ్చాడు. కుట్టుమిషన్ త్రేసియా నవ్వు పోయినప్పుడు మాత్రం మా అందరికీ ప్రాణం ఉసూరుమంది. ఇంట్లోవాళ్ళ జోలికి మాత్రం ఏలిక్కుట్టి పోయేది కాదు.

ఓ మంగళవారం ఎడిటర్ కురువిళ పాఠకుల ఉత్తరాలు సంచీనిండా తెచ్చి కుమ్మరించాడు.

"ఏంటి చేచీ ఇది? నలభై వారాలుగా మీ విలన్‌ది ఒకటే మాట! వాడు మనిషా, అట్టముక్కా?"

"అంతా తగలబెట్టేస్తా," అన్నాడు వరండాలో తింటున్న ఇట్టూప్ ముదలాళి. ఆ షావుకారు విలన్‌కి ఆవిడ ఇచ్చింది ఆ ఒక్క మాటే.

"చూశారా! ఆ విధవరాలి ఇంటికి నిప్పు పెట్టబోతూ వీడి చెయ్యి ఒక్కసారైనా ఆగాలి. ఎందుకాగిందో మనకి గుండెల్లో గుచ్చుకోవాలి. లేదంటే సీరియల్ ఆపేస్తా."

కురువిళ వెళ్ళాక పోత్తన్ నవ్వాడు. "ఒసేయ్, నా దగ్గర తీసుకోవే! ముప్ఫయ్యేళ్ళ కాపురంలో పనికొచ్చే గుణం ఒక్కటీ కనబళ్ళేదా?"

"నోర్ముయ్యండి అచ్చాయా! మీ జోలికి రాను."

రానంది గానీ, సాయంత్రం కిటికీలోంచి చూస్తూనే ఉంది. పొగగది గడియ వేశాక, పొయ్యి రాజేసే ముందు పోత్తన్ ఆ తలుపు మీద రెండుసార్లు తట్టి, చెవి ఆనించి ఆగుతాడు. ఒకప్పుడు లోపల పిల్లి పిల్లల్ని పెట్టిందని తెలియక పొగపెట్టాడు. అప్పట్నుంచీ అదే అలవాటు. ఇంత చిన్నది తీసుకుంటే ఏమవుతుందిలే అనుకుంది పిచ్చిది.

రాసేసింది. అగ్గిపుల్ల గీయబోయిన ఇట్టూప్ విధవరాలి తలుపు రెండుసార్లు తట్టాడు. లోపల దగ్గు విని, తలుపు తీసి, ఆవిణ్ణి బయటికి తెచ్చాడు. చదివి కురువిళ కళ్ళు తుడుచుకున్నాడు.

మరుసటి మంగళవారం ఇట్టూప్ కంచం ముట్టలేదు, ఎప్పటి మాటా అనలేదు. పొగగది వైపే చూస్తూ, "లోపల పిల్లులున్నాయా?" అని అడిగాడు.

ఏలిక్కుట్టి గబగబా పోత్తన్ దగ్గరికి వెళ్ళింది. "అచ్చాయా, పొయ్యి ముట్టించేముందు లోపల చూసుకోండి," అంది.

"ఏం చూడాలి?" అన్నాడు పోత్తన్, నిజంగానే తెలియనట్టు.

గురువారం సాయంత్రం ఆరిన షీట్లు తీయడానికి ఆవిడ పొగగదిలోకి వెళ్ళింది. వెనక తలుపు మూసుకుంది. బయట పోత్తన్ గడియ వేశాడు. ఇప్పుడు తడతాడు కదా అని చూసింది. తట్టలేదు. కాళ్ళ కిందనుంచి పొగ లేచింది.

"అచ్చాయా! నేను లోపలున్నా!" గుద్ది గుద్ది చేతులు వాచాయి. రోలర్ ఎప్పుడో ఆగిపోయింది. వినపడకేం! దగ్గు తెరలు తెరలుగా వచ్చి కూలబడింది.

అప్పుడు తలుపు మీద రెండుసార్లు చప్పుడైంది.

"బతికాను తండ్రీ, వచ్చాడు!" అనుకుంది.

గడియ తీసింది ఇట్టూప్, మంగళవారం కాకపోయినా. ఆవిణ్ణి ఎత్తి తెచ్చి గట్టు మీద కూర్చోబెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అవతల పోత్తన్ వంగి పొయ్యిలోకి కొబ్బరి డొక్కలు ఎగదోస్తున్నాడు. ఆవిడ పడుతూ లేస్తూ వెళ్ళి భుజం పట్టుకుంది. "అచ్చాయా, ఇటు చూడండి! నేనండీ, మీ ఏలిక్కుట్టిని!"

పోత్తన్ తలెత్తి చూశాడు.

"అంతా తగలబెట్టేస్తా," అన్నాడు.