బోణీ పిన్ని

ఆర్ట్ గ్యాలరీ స్టోర్‌రూములో చీపుళ్ల పక్కన నిలబడి హ్యాండ్‌బ్యాగులో పాత పేపర్లు కుక్కుతోంది బోణీ పిన్ని. బ్యాగు నిండుగా కనబడాలి. రెండో చేతిలో టికెట్టు. రోజూ అదే టికెట్టు కావడంతో అంచులు గుడ్డలా మెత్తబడ్డాయి.

ఆమె ఉద్యోగం వింటే ఎవరైనా నవ్వుతారు. చూడటానికి వచ్చినదానిలా నటించడమే పని. పై హాల్లో చీకటి గోడ నిండా గాజుదీపాలు. గోడకున్న గొట్టంలో ఊదితే, ఊపిరి బలాన్నిబట్టి యంత్రం ఒక్కో వరుసా వెలిగిస్తుంది. జనం ఊదితేనే అది కళ, లేకపోతే ఉత్త గోడ. జనమేమో ఊదరు. ముట్టుకోకు, ముట్టుకోకు అని మొట్టికాయలు తింటూ పెరిగినవాళ్లాయె, చేతులు కట్టుకుని నిలబడతారు. పిన్ని బోణీ చేసిందంటే ఇక గొర్రెదాటే. ఇంట్లో ఆమె మాటకు పూచికపుల్లంత విలువ లేదు. మొగుడికీ కొడుక్కీ ఆమె పిలుపే వినబడదు. ఇక్కడ కోట్లేసుకున్న పెద్దమనుషులు కూడా ఆమె ఏం చేస్తే అదే చేస్తారు. అందుకే ఈ పనంటే ఆమెకు ప్రాణం.

కొన్నాళ్లుగా ఊపిరి అందడం లేదు. ఎవరికీ చెప్పలేదు.

"నిన్న సగం దీపాలు కూడా వెలగలేదు పిన్నీ," అన్నాడు సూపర్‌వైజరు గుమ్మంలోంచి. "ఇవాళ దీన్ని తయారుచేసినాయనే అతిథుల్ని తీసుకొస్తున్నాడు. పైవరస దాకా వెలగాలి. నీవల్ల కాదంటే చెప్పు, ఇంకొకరిని చూసుకుంటా."

"ఎందుక్కాదు బాబూ? నిన్న కాస్త జలుబు, అంతే."

లిఫ్టు అతిథులకు. పిన్ని కమ్మీ పట్టుకుని మెట్లెక్కింది. మలుపులో ఆగి, ఎవరైనా చూస్తారేమోనని చెప్పు సర్దుకుంటున్నట్టు వంగింది. గుండె దడదడలాడుతోంది.

హాల్లో అందరూ బిగుసుకుపోయి ఉన్నారు. కళాకారుడు గోళ్లు కొరుక్కుంటున్నాడు. పిన్ని ముందుకెళ్లి గొట్టం అంచు రుమాలుతో తుడిచి ఊదింది. ఒక వరుస, రెండు, మూడు. ఛాతీ చుట్టూ తాడు బిగించి లాగినట్టుంది. దీపాలు పైవరస కింద ఆగిపోయాయి. ఇక చాలని ఆమెకు తెలుసు. సూపర్‌వైజరు కళ్లు ఆమె మీదే ఉన్నాయి. మిగిలినదంతా ఊదేసింది.

పైవరస వెలిగింది. హమ్మయ్య అనుకుంది.

మెల్లగా వచ్చి బెంచీ మీద కూర్చుంది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని, తల గోడకానించి కళ్లు మూసుకుంది. కాసేపు కూర్చుంటే అదే సర్దుకుంటుంది.

అతిథులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక బట్టతలాయన వచ్చి ఆమె పక్కనే కూర్చుని, తల గోడకానించి కళ్లు మూసుకున్నాడు. ఆయన వెనకే భార్య. బెంచీ నిండాక మిగతావాళ్లు నేలమీద చతికిలబడ్డారు. ఇలాంటిదేదీ తన కళలో తను పెట్టలేదని కళాకారుడికి తెలుసు, అయినా నలుగురిలో తెలివితక్కువవాడు కావడం ఇష్టంలేక తనూ కూర్చున్నాడు. దీపాలు వరుసవరుసగా ఆరిపోయాయి. ఆమె లేస్తే లేద్దామని అందరూ చీకట్లో కూర్చునే ఉన్నారు.

చివరికి సూపర్‌వైజరు వచ్చి భుజం తట్టాడు.

"లే పిన్నీ. నువ్వు లేస్తేగాని వీళ్లు లేవరు."

భుజం చల్లగా ఉంది. ఒళ్లోని బ్యాగు జారి, పేపర్లు నేలమీద పడ్డాయి.

ఆమెను తీసుకెళ్లాక బెంచీ మీద టికెట్టు మిగిలింది, అంచులు మెత్తబడి, ఎవరూ ఎప్పుడూ చించకుండా.