సుందర్ రావు చేతిలో రిమోటు

ముక్కు దురద పెట్టడానికి వేళాపాళా ఉండదంటారు గానీ, సువార్తమ్మ ముక్కుకు ఉంది. సరిగ్గా సుందర్ రావు సీరియల్ ముందు కూర్చున్నప్పుడే మొదలవుతుంది. ఆరేళ్ల కింద డాబా మెట్ల మీద జారి పడ్డప్పటి నుంచి మెడ కింద ఆమె మాట వినేది కుడిచేతి బొటనవేలొక్కటే. కాబట్టి మొగుణ్ణి పిలవాలి. ఆయన ప్రకటనలు వచ్చేదాకా ఆగి, లేచి వచ్చి, ఎడమ చెంప గోకి, "అయిందా?" అంటాడు. ఆమె అయిందనే అంటుంది. రెండోసారి పిలవడం కంటే దురదే నయం.

అందుకే ఒక సంస్థవాళ్లు మూడు నెలలు వాడి చూడమని రోబోను తెచ్చినప్పుడు ఆమె సంబరపడింది. చక్రాల మీద తిరిగే ఒంటిచెయ్యి యంత్రం. బొటనవేలి కింద రిమోటు పెడితే చాలు, గ్లాసు నోటికి అందిస్తుంది, పేజీ తిప్పుతుంది, ముక్కు గోకుతుంది. పైగా నిట్టూర్చదు.

సుందర్ రావుకు నచ్చింది దాని నిగనిగ. ఆ ఇంట్లో సోఫాకు కొన్ననాటి ప్లాస్టిక్ కవరు పన్నెండేళ్లుగా అలాగే ఉంది. రోబోకూ తీయనివ్వలేదు. హాల్లో కొత్తవాడ నేత జంపఖానా పరిచి దాని మీద నిలబెట్టి, రిమోటును బీరువాలో దాచాడు.

"ఏమయ్యా, దాన్ని గీ రూంలకు తీస్కరా. నీళ్లు గావాలె."

"జర ఆగవే. ఆదివారం ప్రార్థనకు అందరొస్తాండ్లు. గీత పడితె ఇజ్జత్ పోతది."

అందరూ వచ్చారు. పాస్టర్ గారు రోబో మీద చెయ్యి పెట్టి పావుగంట ప్రార్థన చేశారు. పక్కింటి భారతి ఫొటో దిగింది. సువార్తమ్మకు నీళ్లు ఎప్పటిలాగే సుందర్ రావే పట్టాడు, సగం నోటికి, సగం మెడకు.

రెండు నెలలయ్యాక సంస్థ నుంచి కీర్తన ఫోన్ చేసింది.

"అంకుల్, ఎంతసేపు వాడిండ్లో మెషిన్ల పడ్తది. మేం చూపించిన రోజు పదకొండు నిమిషాలు, గంతే. ఇట్లనే ఉంటె వర్ధన్నపేటల ఒకాయన ఎదురుచూస్తాండు, ఆయనకిస్తం."

సుందర్ రావు వెంటనే రోబో మీది కవరు తీసి, మడత పెట్టి, పరుపు కింద దాచాడు. ఆ సాయంత్రమే రోబోతో చాయ్ తెప్పించుకున్నాడు. మర్నాడు పేపరు, తర్వాత చెప్పులు. వారానికల్లా సోఫాలోంచి లేవడం మానేశాడు.

"ఆ రిమోటు జర నా వేలు కాడ పెట్టయ్యా."

"టైం పెరగాలె గదనే. నీ కోసమే కష్టపడతాన."

గడువు ముగిసిన రోజు కీర్తన వచ్చింది. యంత్రంలో రెండువందల పది గంటలు చూసి ముచ్చటపడింది. రోబో ఆమెకూ చాయ్ తెచ్చిచ్చింది. కప్పు పట్టుకొనే సువార్తమ్మ మంచం పక్కన కూర్చుంది.

"ఒక్కటే ప్రశ్న ఆంటీ. ఇది మీకు పనికొచ్చిందా? అవునంటె ఇగ మీదే."

"ఇంట్ల వేరేటోళ్లు వాడితె ఏమైతది బిడ్డా?"

"రూల్ ఒప్పుకోదు ఆంటీ. వాపస్ తీస్కపోతం."

హాల్లో టీవీ గొంతు తగ్గింది.

అవునంటే రోబో ఇంట్లో ఉంటుంది, రిమోటు ఆయన చేతిలో ఉంటుంది. కాదంటే రెండూ ఉండవు, ఆయన ఉంటాడు. నిజం చెబితే వర్ధన్నపేట పెద్దాయనకైనా మేలు జరుగుతుంది, ఆయనకు పెళ్లి కాకపోయి ఉంటే.

అమ్మా, అయ్యా, మీ ఇళ్లలోనూ రిమోటు ఎవరి చేతిలో ఉంటుందో మీకు తెలుసు. అనుభవమున్నవాళ్లు. సువార్తమ్మ ఏమనాలో మీరే చెప్పండి, మీకు పుణ్యముంటుంది. కొంచెం తొందరగా. ఆ పిల్ల కప్పులో ఇంకో రెండు గుక్కలే ఉన్నాయి.