మందు లేని నెత్తురు

చారు పొయ్యి మీద పెట్టి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, మామగారికి వేన్నీళ్ళు తోడి, పరుగున వెళ్ళి తెనాలిలో బాపట్ల పాసింజరు అందుకోవాలి నేను. అంత చాకిరీలోనూ నాకో ఊరట ఉండేది. గుమ్మం దిగబోతుంటే అత్తగారు గ్లాసుడు మజ్జిగ చేతికిచ్చి, "తాగి వెళ్ళవే హైమా, మొహం పీక్కుపోయింది" అనేది. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో నాకు ఎవరైనా అందించింది ఏదైనా ఉంటే అదొక్కటే. మా పాప సుశీల పోయిన కొన్నాళ్ళకి మొదలుపెట్టింది. ఆవిడకి నా మీద జాలి కలిగిందని ఎంత మురిసిపోయానో!

మూడేళ్ళ పిల్ల. జ్వరంతో పోయింది. మొదట్లో బావి దగ్గర, వంటింట్లో, రైల్లో, ఎక్కడ పడితే అక్కడ గుక్కపట్టి ఏడిచేదాన్ని. "ఆఫీసు నుంచి వచ్చేసరికి రోజూ ఈ శోకాలేంటి నాకు? చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారు?" అని మా ఆయన చలపతిరావుగారు విసుక్కునేవారు. తర్వాత ఎప్పుడో నా ఏడుపు ఆగిపోయింది. పిల్ల గౌను చేతిలోకి తీసుకున్నా కళ్ళు తడవవు. ఒళ్ళంతా మొద్దు, ముక్కు దిబ్బడ, పగలే నిద్ర. "అప్పుడే మరిచిపోయిందమ్మా, ఏం గుండో!" అని ఆడపడుచు అంటుంటే విన్నాను. నిజమే కాబోలు, నేనేం తల్లినని నన్ను నేనే అసహ్యించుకున్నాను.

అది డెబ్భై రెండో సంవత్సరం. బాపట్లలో ఒక కాలేజీ లాబరేటరీలో మా పని సర్పగంధ మీద. రక్తపోటుకీ పిచ్చికీ వాడే వేరు అది. ఆ మందు తిన్నవాళ్ళ నెత్తురు మిషన్లో తిప్పితే పైకి ప్లాస్మా తేలుతుంది. అందులో మందు ఏ కాస్త మిగిలినా మీటరు మీద సూది కదిలి చెబుతుంది. ప్రతిసారీ పక్కన మందు తిననివాళ్ళ ప్లాస్మా కూడా పెట్టి చూడాలి. దాన్ని బ్లాంకు అంటాం. దానికి సూది కదలకూడదు. దానికి నెత్తురు ఎప్పుడూ నాతో పనిచేసే దేవకుమారే ఇచ్చేది. ఆవేళ తనకి నీరసంగా ఉందంటే నేను చెయ్యి చాపాను.

సూది కదిలింది.

"గాజుసామాను కడగడం కూడా నేనే నేర్పాలేంటమ్మా? ఇంట్లో గిన్నెలు తోమరా మీరు?" అన్నారు మా ప్రొఫెసర్ రాజారత్నంగారు. అన్నీ కడిగాను. మళ్ళీ నెత్తురు తీయించుకున్నాను. మళ్ళీ కదిలింది. అప్పుడు నీరసంగా ఉన్నా దేవకుమారే చెయ్యిచ్చింది. తన ప్లాస్మాకి సూది ఉన్నచోటే ఉంది. తను నా వంక చూసి గొంతు తగ్గించి, "నువ్వేమన్నా మందు తింటున్నావా అక్కా?" అంది.

"లేదే" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, మజ్జిగ అడుగున తగిలే చేదు. జీలకర్ర మాడిందనుకునేదాన్ని.

సాయంత్రం ఇంటికెళ్ళి, మజ్జిగలో ఏం కలుపుతున్నారని అడిగాను. అత్తగారు తడబడలేదు. "రేపల్లెలో వైద్యం చేసే మా అన్నయ్య పంపిన పొడేనే. ఏడ్చి ఏడ్చి పిచ్చిదానివైపోతావని భయమేసింది. నీ మంచికే కదా" అంది. అంటుంటే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి నాకు అసూయ కలిగింది.

"మీకు తెలుసాండి?" అని ఆయన్ని అడిగాను.

ఆయన పేపరు దించలేదు. "తెలుసు. నెమ్మదించావుగా. ఇల్లు ఇల్లులా ఉంది. దీనికో రాద్ధాంతమెందుకు?"

అరవాలనుకున్నాను. అరవడానికి కావలసిన కోపం కూడా నాలో మిగలనివ్వలేదు వీళ్ళు. లోపలికెళ్ళి రెండు చీరలు సంచిలో పెట్టుకుని వచ్చాను. అప్పుడు దించారు పేపరు.

"ఎక్కడికి?"

"బాపట్ల. దేవకుమారి వాళ్ళింటికి."

"ఏం వచ్చిందని ఇప్పుడు?"

"మన సుశీల పోయిందండి" అన్నాను, అప్పుడే కబురు తెలిసినదానిలా. "నేను ఏడవాలి."