హనాసె స్టేషనులో అన్నపుపెట్టెలు

శరత్కాలారంభమున జపానుదేశపు కొండలడుగున పండిన వరిచేలు బంగరువన్నె దాల్చి మందమారుతమునకు తలలూచుచుండ రైలుపట్టాల కిరుగడల తరుశాఖలయందు అరుణఫలములు వ్రేలాడుచుండ తూనీగలు గుంపులుగ గూడి పెంకుల కప్పుమీద వ్రాలుచు లేచుచు నుండ హనాసె యను చిన్నపట్టణపు స్టేషను బాలసూర్యకిరణస్నాతమై ప్రకాశించుచుండెను. అది యుద్ధకాలము. అచ్చట నాగు బండ్లలో సగము సైనికులతో నిండియుండెడివి.

ఆ స్టేషనున మెడకు తగిలించిన కొయ్యపళ్లెముపై అన్నపుపెట్టెలు పేర్చుకొని కిటికీ కిటికీకడ నమ్ముచు కాలము గడుపు వితంతువు కిను. "అన్నపుపెట్టెలో అన్నపుపెట్టెలు!" అని యామె కేక వేసినచో ఇంజనునకు సైతము ఆకలి పుట్టునని ఊరివారు వేళాకోళ మాడెడివారు.

భర్త క్షయవ్యాధిచే గతించిన యేట చంటిబిడ్డకు పాలు చాలక ఆమె యెగువయూరి సారావర్తకుని భార్యయగు ఫుసాకు కొడుకును దత్తత నొసంగి తానే కన్నతల్లినని యెన్నడును వానితో చెప్పనని ప్రమాణము చేసియుండెను. ఆ బిడ్డడు షోహెయి యిపుడు యువకుడై యుద్ధమునకు పిలువబడెను. ఫుసా మనసు కరగి యిట్లు కబురంపెను: "చెల్లెలా, రేపటి ఉదయపు బండిలో అబ్బాయి పోవుచున్నాడు. ముందు బోగీలో కూర్చుండుమని, హనాసెలో అన్నము కొని తినుమని చెప్పితిని. నీ ప్రమాణమునుండి నిన్ను విడిచితిని. తల్లివి, చెప్పుకొనుము."

కిను అన్నము వార్చుచు చేపముక్కలు కాల్చుచు ఒక్క మాటనే వల్లెవేసెను. నాయనా, నిన్ను కన్నదానను నేను. అంతకుమించి యామెకేమియు అక్కఱలేదు.

బండి యాగెను. ముందు బోగీ కిటికీనుండి మృతుడైన తన భర్త కనుబొమలే కలిగిన యువకు డొకడు తల వెలికి చాచెను.

"అవ్వా, ఒక పెట్టె యిమ్ము. ఇచ్చటి అన్నము తినక పోవలదని మా అమ్మ మరీమరీ చెప్పినది."

మా అమ్మ యనుమాట చెవి సోకినంతనే కిను వానివైపు వంగెను. ఆమె పెట్టె నందిచ్చి పెదవి విప్పబోవునంతలో ప్రక్క కిటికీలనుండి సైనికుల చేతులు చాపబడెను. యుద్ధమునకు పోవువాని చాచిన చేతిని రిత్తగా మరల్చుట మహాదోష మని ఆ స్టేషను అమ్మకపువారి యాచారము. ఎవరి కన్నబిడ్డలో వీరును, ఆకలితో పంపుట యెట్లని యామె తలపోసెను.

"ఇప్పుడే వత్తును నాయనా, ఇచ్చటనే యుండుము."

"నేనెక్కడికి పోదును అవ్వా!" అని యతడు నవ్వెను.

చేతి వెనుక చేయి, కిటికీ వెనుక కిటికీ. కడపటి పెట్టె కడపటి బోగీలోని సైనికుని చేతబెట్టునప్పటికి గంట మ్రోగి బండి కదలెను. కిను పిచ్చిదానివలె ముందునకు పరుగెత్తెను. కొడుకు కిటికీ కంటబడుచుండెను గాని యందకుండెను. ఇన్నేండ్లు దాచిన మాటను పిలుచుకొని యామె యెలుగెత్తి యరచెను.

"అన్నపుపెట్టెలో అన్నపుపెట్టెలు!"

షోహెయి వెనుదిరిగి తన పెట్టెను పైకెత్తి చూపెను. "నాకిది చాలును అవ్వా! వెనుకవారి కమ్ముము!" అని చేయి యూపుచు మలుపున కనుమరుగయ్యెను.

తేనీరమ్ము వృద్ధుడు గొంజో యామెను సమీపించెను.

"కినూ, రిత్తపళ్లెముతో ఏమి యమ్మబోతివే?"

ఆమె పళ్లెమువంక చూచుకొని నేలపై కూలబడెను.

"నేను వాని తల్లినని చెప్పబోతిని అన్నా. నా నోరు అన్నపుపెట్టెలని యరచినది."

గొంజో ప్రక్కన కూరుచుండెను. షోహెయి యా యుద్ధమునుండి తిరిగి రాలేదు. పాఠకులారా, నిత్యము వీథిని తిరుగు మాట పిలువకున్నను పరుగున వచ్చును. ఏండ్ల తరబడి గుండెలో దాచిన మాట గడప దాటుటకు జంకుచు నిలుచును. ఎంత తల్లికైనను బండి యాగదు.